పునరావాస కాలనీ పిల్లలకు ఏ ఆట పెడదాం? వాలీబాల్, పరుగు, రేలా, యోగా: ఎవరికి ఏది నప్పుతుంది

"కుర్రాళ్లు ఊరికే కూర్చుంటున్నారు, రాత్రి రెండింటి దాకా ఫోన్లు, పొద్దున పదింటికి లేవడం, ఏమన్నా అంటే కస్సుమనడం, కొందరైతే అసలు మాటే లేదు. ఏదన్నా ఆట పెడదామనుకుంటున్నాం, ఏది పెడితే మంచిది?" పోలవరం ముంపు ఊళ్ల నుంచి కాలనీలకు వచ్చిన కుటుంబాల్లో తిరిగే టీచర్లు, వలంటీర్లు, ఆ కాలనీల్లోనే డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పెద్ద పిల్లలు అడిగే మాట ఇది. తాడువాయి, కృష్ణునిపాలెం, ఇందుకూరు లాంటి చోట్ల ఉన్నవాళ్లని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. వేరే ప్రాజెక్టు కింద ఊరు పోయినవాళ్లకి కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ ఆట అన్నది రెండో ప్రశ్న. ఆ ఆట పెడితే ఎవరు గట్టు మీద మిగిలిపోతారు అన్నది మొదటి ప్రశ్న. బాగా ఆడే పదిమంది కుర్రాళ్లకి ఏ కాలనీలో అయినా ఏదో ఒక ఆట దొరుకుతుంది, వాళ్లకి మన అవసరం పెద్దగా లేదు. దిగులుతో ఉన్నవాడు, ఆట రానివాడు, వయసొచ్చిందని ఇంట్లోంచి కదలనివ్వని పిల్ల, వీళ్లని చూసి ఎంచుకోవాలి.

ఇంకో మాట కూడా ముందే అనుకోవాలి. గోదావరి ఒడ్డున ఉన్నప్పుడు ఈ పిల్లలకి వ్యాయామం అని వేరే పని లేదు. ఏట్లో ఈత, పడవ, పశువుల వెంట తిరగడం, వేసవిలో ఇప్పపువ్వుకి తెల్లారకముందే వెళ్లడం, తునికాకు కోత, కొండపోడు, వీటితోనే ఒళ్లు అలిసేది, రాత్రి పడుకోగానే నిద్ర పట్టేది. కాలనీలో వరస ఇళ్లు, గోడకి గోడ, అడవి లేదు, ఏరు లేదు, పని దొరికితే ఆటోలో వేరేవాళ్ల చేనుకి, దొరక్కపోతే అరుగు మీద. అంటే ఊరితో పాటు ఒంటికి ఉండే కదలిక కూడా ఒక్కసారిగా పోయింది. పైగా ఒక ఊరి జట్టు రెండు మూడు కాలనీలకి చెదిరిపోయింది. కాబట్టి మనం పెట్టే ఆట రెండు పనులు చేయాలి: ఒళ్లు అలసి నిద్ర పట్టేలా చేయాలి, రోజూ ఫలానా వేళకి ఫలానా చోట నన్ను ఎదురుచూసేవాళ్లు ఉన్నారు అన్న ధైర్యం ఇవ్వాలి. ఈ రెండింటితో కొలిస్తే ఏది మేలో తేలిగ్గా తెలుస్తుంది.

పరిశోధనలు ఏమంటున్నాయి

డిప్రెషన్ ఉన్నవాళ్లకి ఏ వ్యాయామం పనిచేస్తుందని 2024లో బీఎంజే అనే వైద్య పత్రికలో 218 అధ్యయనాలని, సుమారు 14 వేల మంది వివరాలని కలిపి చూసిన పెద్ద పరిశీలన వచ్చింది. నడక, మెల్లగా పరుగు, యోగా, బరువులతో చేసే కసరత్తు, డాన్స్, అన్నీ ఎంతోకొంత మేలు చేసినట్టే కనిపించాయి. మధ్యలో మానేయకుండా జనం నిలబడింది మాత్రం యోగా, కసరత్తుల్లో ఎక్కువ. వయసులో ఉన్నవాళ్లకి కసరత్తు కాస్త బాగా పట్టిందని కూడా చెప్పారు. ఆ అధ్యయనాల్లో చాలావాటికి నమ్మకం స్థాయి తక్కువేనని వాళ్లే రాసుకున్నారు, పైగా అవన్నీ నిర్వాసితుల మీద చేసినవి కావు. దారి చూపేదిగా తీసుకుందాం, అంతే.

నాకు ఇంతకన్నా ముఖ్యంగా తోచేది ఇంకొకటి ఉంది. ఉత్తర ఉగాండాలో గులు అనే పట్టణం ఉంది, ఏళ్ల తరబడి అంతర్యుద్ధం, లక్షల మంది ఊళ్లు వదిలి శిబిరాల్లో బతికిన ప్రాంతం. అక్కడి కౌమార పిల్లలకి 11 వారాల పాటు ఫుట్‌బాల్ లీగ్ నడిపి, ఆడినవాళ్లనీ, తరవాతి విడత కోసం ఆగినవాళ్లనీ పోల్చి చూశారు. ఫలితం 2014లో అచ్చయింది. ఆడిన మగపిల్లల్లో దిగులు, ఆందోళన లక్షణాలు ఆగిన పిల్లలకంటే ఎక్కువగా కనిపించాయి! ఆడపిల్లల మనసు విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే ఆట పెడితే చాలు మనసు బాగుపడిపోతుంది అనే లెక్క తప్పు. అది పోటీ లీగు అన్న సంగతి మాత్రం నేను మర్చిపోలేను. గెలుపోటముల భారం, జట్టు నన్ను నమ్ముకుంది అన్న భయం, అప్పటికే దెబ్బతిన్న పిల్లాడి నెత్తిన పెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. నేను టోర్నమెంటుతో మొదలెట్టొద్దు అని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

వాలీబాల్

ఏజెన్సీలో వాలీబాల్ ఆడని ఊరు ఉండదు కాబట్టి ముందు అందరి నోటా వచ్చేది ఇదే. మంచివే చాలా ఉన్నాయి: 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు చదును నేల, రెండు గుంజలు, ఒక నెట్, ఒక బాల్ ఉంటే చాలు. ఒకరినొకరు తాకి పడేసుకునే ఆట కాదు కాబట్టి దెబ్బలు తక్కువ. కొత్తగా వచ్చిన వాడికి కూడా కోర్టు మీద ఒక చోటు, ఒక వంతు ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే "గెలిచినోళ్లు ఉంటారు, ఓడినోళ్లు దిగుతారు" అనే మామూలు పద్ధతిలో. ఏ సాయంత్రమైనా వెళ్లి కాసేపు నిలబడి చూడండి. సర్వీసు నెట్‌కి తగిలిన ప్రతిసారీ పక్కవాళ్ల మొహాల వంక చూసే కుర్రాడు ఒకడుంటాడు. వాడి జట్టు ఓడిపోతుంది, వాడు దిగుతాడు, మళ్లీ వంతు వచ్చేసరికి చీకటి పడుతుంది, మర్నాడు రాడు. వాడు రాలేదని ఎవరికీ గుర్తుండదు కూడా, ఎందుకంటే ఆడేవాళ్లు నిండుగానే ఉన్నారు. మనకి కావలసినవాడు వాడే కదా.

దీనికి మందు సులువు. పాయింట్లతో కాకుండా వాచీ చూసి 15 నిమిషాలకి జట్లు మార్చండి, గెలిచినా ఓడినా. పాత ఊరి పేరుతో జట్లు కట్టనివ్వకండి. ఒకే కాలనీలో రెండు మూడు ఊళ్లవాళ్లు ఉంటే ఇళ్ల స్థలాల దగ్గరో, బోరు దగ్గరో మాట పట్టింపులు ఉండనే ఉంటాయి, అవి నెట్‌కి అటూ ఇటూ నిలబడితే ఆట కాస్తా తగువు అవుతుంది. ఇక పందెం. వంద రూపాయల పందెంతో మొదలై వేలకి పోవడం ఎక్కడైనా జరిగేదే, పరిహారం డబ్బు చేతిలో ఉన్న ఇళ్లలో ఇంకా తొందరగా జరుగుతుంది. మొదటి రోజే వద్దని చెప్పాలి, తరవాత చెబితే ఎవరూ వినరు.

ఈ మూడూ కట్టడి చేయగలిగితే మగపిల్లలకి నా మొదటి ఓటు వాలీబాల్‌కే. ఆడపిల్లలకి కూడా పెట్టొచ్చు, కానీ వేరే వేళ, నెట్ కాస్త కిందికి దించి. మగపిల్లలు ఆడి వెళ్లాక మిగిలిన చీకటి వేళ వాళ్లకి ఇస్తే అది ఇవ్వనట్టే.

కబడ్డీ, ఖోఖో

కబడ్డీకి ఖర్చే లేదు. లోపల కోపం కుతకుతలాడే కుర్రాడికి ఒంటి బలమంతా ఖర్చుపెట్టే దారి దొరుకుతుంది, ఆ మాట నిజం. కానీ మీద పడి పట్టుకునే ఆట, కాబట్టి పెద్దవాళ్లెవరూ లేకుండా వదిలేయకూడదు. ఎవరైనా మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడే పిల్లలు ఉంటారు, ఎందుకని అడగక్కర్లేదు, వాళ్లని బలవంతం చేయకుండా ఉంటే చాలు. మెత్తటి మట్టి లేకపోతే వద్దు. కాలనీల్లో రోడ్డు కోసం పోసిన గ్రావెల్ మీద కబడ్డీ ఆడితే మోకాళ్లు మిగలవు.

ఖోఖోని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు కానీ 10 నుంచి 16 ఏళ్ల ఆడపిల్లలకి పరుగెత్తే ఆటల్లో ఇంతకన్నా మంచిది నాకు కనపడదు. ఆశ్రమ పాఠశాలలో చదివిన పిల్లలకి ఆట తెలిసే ఉంటుంది. రెండు గుంజలు చాలు, వరసలో కూర్చున్న ప్రతి పిల్లకీ ఏదో ఒక క్షణంలో "ఖో" వినపడుతుంది, లేచి పరిగెత్తాలి. అందరికీ కాసేపు విశ్రాంతి, అందరికీ కాసేపు పరుగు. ఒకరి వీపు తట్టి లేపే ఆట కాబట్టి కొత్తగా వచ్చిన పిల్ల పేరు కూడా రెండు రోజుల్లో అందరికీ తెలిసిపోతుంది.

పరుగు, కానిస్టేబుల్ ప్రాక్టీసు

పెద్ద కుర్రాళ్లని పొద్దున్నే లేపగలిగేది ఇదొక్కటే. కానిస్టేబుల్ ఎంపికలో మగవాళ్లకి 1600 మీటర్ల పరుగు ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు కూడా "పనికొచ్చే పని" అని ఒప్పుకుంటారు. తెల్లవారి పరుగు అంటే రాత్రి ఫోన్ పక్కన పెట్టక తప్పదు, మందు జోలికి వెళ్లినవాడు పరిగెత్తలేడు, నిద్ర వేళలు వాటంతటవే సర్దుకుంటాయి. ఒంటరిగా కూడా చేయొచ్చు, మాట్లాడటం ఇష్టం లేనివాడికి అది ఊరట.

దీని ప్రమాదం కూడా ఆ ఉద్యోగంలోనే ఉంది. పరుగు మొత్తం నోటిఫికేషన్‌కి ముడిపడితే, అది రాకపోయినా, వచ్చి ఒక్క సెకనులో పోయినా కుర్రాడు కుప్పకూలిపోతాడు. ఇల్లు, ఊరు, పొలం పోయిన వాడికి ఇది ఇంకో ఓటమి. అందుకని వాడికి టైము చూపించండి కానీ పక్కవాడి టైముతో పోల్చకండి, పోయిన నెల వాడి టైముతో పోల్చండి. ఉద్యోగం ఆశ లేని ఇద్దరు ముగ్గురిని కూడా ఆ బృందంలో ఉంచండి, సరదాకి పరిగెత్తేవాళ్లని. ఇంకో సంగతి, గుండె దడగా కొట్టుకోవడం, ఊపిరి ఆడకపోవడం కొందరికి పాత భయాన్ని గుర్తుచేస్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన వరదలో కూనవరం, వేలేరుపాడు, కుక్కునూరు వైపు జనం ఇళ్లు వదిలి గుట్టల మీదికి పరిగెత్తారు. ఆ రాత్రులు చూసిన పిల్లాడు పరుగు మధ్యలో ఆగిపోయి బిక్కమొహం వేస్తే బద్ధకం అనుకోకండి. వాడితో పాటు నడవండి, కొన్ని వారాలు నడకే చేయించండి.

రేలా, కొమ్ము నృత్యం

ఇది వ్యాయామమా అని అడిగేవాళ్లు ఒక్కసారి అరగంట పాటు ఆ అడుగులు వేసి చూడాలి. కోయ గిరిజనుల పెళ్లిళ్లలో, భూమి పండగలో రాత్రంతా సాగే ఆట అది. మగవాళ్లు కొమ్ములు కట్టుకుని, మెడలో బరువైన డోలు వేసుకుని అడుగులు వేస్తారు, ఆడవాళ్లు చేతులు కలుపుకుని వరసగా కదులుతారు. పిక్కలకి, నడుముకి, ఊపిరికి దాన్ని మించిన పని లేదు. గెలుపు లేదు, ఓటమి లేదు, వరసలో ఎంతమంది అయినా పడతారు, ముసలమ్మ నుంచి పదేళ్ల పిల్ల దాకా. పాత ఊళ్లో ఏ చెట్టు కింద ఆడేవాళ్లో, ఎవరు డోలు బాగా కొట్టేవాళ్లో మాటలు వస్తాయి. ఊరు పోయిన దుఃఖం గురించి నోరు విప్పని పిల్లలు కూడా ఆ మాటలు వింటారు. ఇంట్లోంచి కదలనివ్వని ఆడపిల్లని కూడా అమ్మమ్మతో పాటు పంపిస్తారు. అన్నీ చూస్తే ఆడపిల్లలకీ, మరీ మూగబోయిన పిల్లలకీ నేను ముందు పెట్టేది ఇదే.

కానీ రెండు జాగ్రత్తలు. అధికారులో, నాయకులో వచ్చినప్పుడల్లా పిల్లలని కొమ్ములు కట్టించి స్వాగతానికి నిలబెట్టే పని చేయకండి. ఎండలో రెండు గంటలు నిలబెట్టి, కారు దిగినాయన చెయ్యి ఊపి వెళ్లిపోయాక ఇంటికి పంపిస్తే ఆ పిల్లకి మళ్లీ అడుగు వేయబుద్ధి కాదు, అది మన మనసుకీ తగలాల్సిన విషయం. రెండోది, కాలనీలో కోయలు, కొండరెడ్లు, ఇతర కులాలవాళ్లు కలిసి ఉంటే ఒక్కరి ఆటనే అందరిదీ చేయకండి. ఎవరి పాట వాళ్లు పాడే రోజు ఉండాలి. డిజె పాటలకి ఎగరాలనే కుర్రాళ్లని కూడా ఎగరనివ్వండి, ఏం తప్పు లేదు.

యోగా, కసరత్తు, నడక

యోగా నిద్ర పట్టనివాళ్లకి బాగుంటుంది, చోటు అక్కర్లేదు, వానాకాలంలో కమ్యూనిటీ హాలులో చేయొచ్చు. అయితే కళ్లు మూసుకుని పడుకోమంటే భయపడే పిల్లలు ఉంటారు, కళ్లు తెరుచుకుని చేయమనండి, గోడ వైపు వీపు పెట్టుకోనివ్వండి. ఒంటరిగా యోగా ఒక్కటే పెడితే మగపిల్లలు వారం దాటి రారు, ఆట అయ్యాక చివర్లో పది నిమిషాలు కలపడం నయం.

కసరత్తు అంటే జిమ్ అక్కర్లేదు. దండీలు, బస్కీలు, ఇసుక నింపిన డబ్బాలు, పుల్‌అప్స్‌కి ఒక ఇనప పైపు. పదహారు దాటిన కుర్రాళ్లకి ఇది బాగా పడుతుంది, ఎందుకంటే మార్పు కంటికి కనిపిస్తుంది. ప్రొటీన్ పౌడర్ల పిచ్చిలోకి వెళ్లకుండా చూసుకోండి, గుడ్డు, పప్పు చాలు.

నడక ఎవరికైనా మంచిదే, ముఖ్యంగా బాలింతలకి, చిన్న వయసులో పెళ్లయిన ఆడపిల్లలకి. ఇద్దరు కలిసి వెళ్లాలి.

క్రికెట్ సంగతి, ఈత సంగతి

క్రికెట్ అడుగుతారు, కాదనకండి. కానీ మనసు కోసం పెట్టే మొదటి ఆట అది కాదు. గంట ఆటలో సగం మంది నిలబడే ఉంటారు, చిన్నవాడికి ఎప్పుడూ బంతి తేవడమే పని.

ఈత గురించి మాత్రం కాస్త నిలబడి చెప్పాలి, ఎందుకంటే ఈ పిల్లలు అన్నిటికన్నా ఎక్కువ కోల్పోయింది అదే. గోదాట్లో ఈది పెరిగినవాళ్లు కాలనీ దగ్గర నీళ్లు కనపడితే దూకుతారు. ఏరు వేరు, కాలవ వేరు. సిమెంటు లైనింగ్ వేసిన కాలవలో గట్టు నున్నగా ఏటవాలుగా ఉంటుంది, పట్టు దొరకదు, ఎంత ఈత వచ్చినా పైకి రాలేరు. మట్టి కోసం తవ్విన గోతుల్లో లోతు తెలియదు. తెలిసిన చెరువు, పెద్దవాళ్ల కాపలా, ఒక తాడు, గాలి నింపిన ట్యూబు ఉంటే వారానికి ఒకసారి తీసుకెళ్లండి, వాళ్ల మొహాల్లో వెలుగు మీకే తెలుస్తుంది. ఇవి లేకపోతే వద్దు.

పిల్లని బట్టి తేల్చుకోవడం

అన్నీ చదివాక కూడా తేలకపోతే ఇలా చూడండి. నిద్ర లేనివాడికి పొద్దున పరుగో నడకో, పగటి వెలుతురులో. కోపం ఎక్కువున్నవాడికి పెద్దవాళ్ల ఎదుట కబడ్డీ, లేదా కసరత్తు. మాట్లాడనివాడిని ముందు స్కోరు రాయడానికో, నెట్ కట్టడానికో పిలవండి, ఆడమని అడగకండి, నెట్ కట్టే పని వాడిదే అయితే రోజూ వస్తాడు, ఎప్పుడో వాడే దిగుతాడు. బయటికి రానివ్వని పిల్లకి రేలా, ఖోఖో, ఆడ వలంటీరు ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడాలి. కాలో చెయ్యో సరిగా లేని పిల్ల ఉంటే ఆమె ఏం చేయగలదో ఆమెనే అడిగి ఆటని మార్చండి.

మొదలుపెట్టే ముందు ఒక్కటి తప్పకుండా చేయాలి. గిరిజన కుటుంబాల్లో కొందరికి సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉంటుంది, దాని కోసం 2023 జులైలో కేంద్రం పెద్ద మిషన్ మొదలుపెట్టింది, ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడిగితే పరీక్ష చేయిస్తారు. ఆ జబ్బు ఉన్న పిల్ల నీళ్లు తక్కువై, మితిమీరి అలిసిపోతే ఒళ్లు నొప్పులతో ఆసుపత్రి పాలవుతుంది. ఆట మాన్పించాల్సిన పని లేదు, డాక్టర్ని అడగండి, నీళ్లు ఎక్కువ తాగించండి, అడిగినప్పుడల్లా ఆగనివ్వండి. రక్తహీనత ఉన్న ఆడపిల్లలకీ అంతే, ముందు ఐరన్ మాత్రలు, మెల్లగా మొదలు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిది దాటాక ఎవరినీ ఎండలో పెట్టకండి.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు చెమట పట్టే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీరు వారానికి మూడు రోజులతోనే మొదలెట్టండి, కానీ ఆ మూడు రోజులు తప్పకూడదు. నడిపే మనిషి ఇద్దరు ఉండాలి, ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు. బాల్ పోయిందని ఆట ఆగకూడదు, ఇంకో బాల్ ఇంట్లో ఉండాలి. వచ్చామని ఎవరో ఎన్జీవో జెర్సీలిచ్చి ఫొటోలు తీసుకుని రెండు నెలలకి మాయమైతే, ఆ పిల్లలకి ఇంకోసారి వదిలేసినట్టు అనిపిస్తుంది. అలాంటి దానికన్నా పెట్టకపోవడమే మేలు. టోర్నమెంటు కావాలని పిల్లలే అడిగిన రోజున పెట్టండి, ఊళ్లు కలిపిన జట్లతో, చివరి జట్టుకి కూడా ఏదో ఒకటి ఇచ్చి.

ఆటతో తీరనివి ఉంటాయి. పునరావాస ప్యాకేజీ రాలేదనో, భూమికి భూమి ఇవ్వలేదనో ఉన్న దిగులుకి వాలీబాల్ మందు కాదు, ఆ అర్జీ పని ఆ అర్జీదే, పిల్లలు ఆడుకుంటున్నారు కదా అంతా బాగుంది అని ఎవరైనా రిపోర్టు రాసుకుంటే ఒప్పుకోకండి. ఇక రెండు వారాలకి పైగా తిండి, నిద్ర లేకపోతే, చనిపోవాలని మాట వస్తే, చేతుల మీద కోసుకున్న గాట్లు కనపడితే, పిల్లని ఒంటరిగా వదలకుండా పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. ఇంట్లో పురుగుమందు ఉంటే ముందు దాన్ని తీసేయండి. మనసు బాధలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, నంబరు 14416, ఉచితం, ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు. నెట్ కట్టే గుంజ మీద ఆ నంబరు పెయింటుతో రాయించి పెట్టండి, పక్కన ఏమీ రాయక్కర్లేదు, అదేంటని అడిగినవాళ్లకి చెప్పండి.